సెయింట్ లూయిస్ బ్యాటిల్‌హాక్స్ తొలి సీజన్లు: ఇన్ని గెలుపులు, ఇంత జనం, అయినా కప్పు ఎందుకు లేదు?

మీ ప్రశ్నను కుదిస్తే మూడు ముక్కలు. హైదరాబాద్ నుంచి ఉద్యోగం మీద సెయింట్ లూయిస్ వచ్చారు. ఆఫీసులో అందరూ ఈ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బ్యాటిల్‌హాక్స్ గురించే మాట్లాడుతున్నారు, "కకా" అని కాకిలా అరుస్తున్నారు. ఈ జట్టు పుట్టింది 2020లోనా, 2023లోనా, 2024లోనా అన్నది మొదటిది. స్టేడియం నిండేంత జనం ఉండి కూడా టైటిల్ ఎందుకు గెలవలేదన్నది రెండోది. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికాలో అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్) కాస్త తెలిసినవాడు పాత ఆటలు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది మూడోది.

సూటి జవాబు: జట్టు 2020 ఫిబ్రవరిలో మొదలైంది. 2021లో, 2022లో ఆడలేదు, ఎందుకంటే ఆడటానికి లీగే లేదు. గెలుపులు-ఓటముల లెక్క చూస్తే 2020లో 3-2, 2023లో 7-3, 2024లో 7-3, 2025లో 8-2. నాలుగు సీజన్లు కలిపితే 35 మామూలు ఆటల్లో 25 గెలుపులు. ఆ నాలుగు సీజన్లలో ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) ఆటలు ఆడినవి రెండే. రెండూ సొంత మైదానంలోనే జరిగాయి, రెండూ ఓడిపోయింది. 2024, 2025 ఫైనల్స్ కూడా అదే మైదానంలో, ఊళ్లోని కప్పు మూసిన డోమ్ స్టేడియంలో పెట్టారు, రెండుసార్లూ వేరే ఊళ్ల జట్లు ఆడి వెళ్లాయి. ఊరివాళ్లకి అసలు మంట ఇదే.

ఏ ఏడాది పుట్టిందన్న తికమకకి కారణం లీగ్ పేర్లు. 2020లోనూ 2023లోనూ లీగ్ పేరు ఎక్స్‌ఎఫ్‌ఎల్, ఎన్‌ఎఫ్‌ఎల్ లేని వసంతకాలంలో ఆడే చిన్న లీగ్. పేరు ఒకటే అయినా మధ్యలో యజమానులు, నియమాలు, కోచ్‌లు, దాదాపు మొత్తం ఆటగాళ్లు మారారు. 2024లో అది యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే ఇంకో వసంత లీగ్‌తో కలిసి యూఎఫ్‌ఎల్ అయింది. అందుకే కొందరు గణాంకాలు 2020 నుంచి లెక్కేస్తారు, కొందరు 2023 నుంచి, లీగ్ రికార్డుల పట్టికల్లో కొన్ని 2024 నుంచే మొదలవుతాయి. ఏదైనా "జట్టు రికార్డు" కనబడితే ముందు అది ఏ ఏడాది నుంచి లెక్కో చూడండి. ఇంకో సంగతి, వెతికేటప్పుడు 2001 నాటి ఎక్స్‌ఎఫ్‌ఎల్ కూడా తగులుతుంది. అది ఒక్క సీజన్ నడిచి మూతపడిన పాత లీగ్. అందులో సెయింట్ లూయిస్‌కి జట్టు లేదు.

ఈ ఊరికి ఇంత పట్టుదల ఎందుకో తెలియకపోతే మిగతాది అర్థం కాదు, కాబట్టి రెండు మాటలు. కార్డినల్స్ ఫుట్‌బాల్ జట్టు 1960 నుంచి 1987 దాకా ఇక్కడ ఉండి ఆరిజోనా పోయింది. (బేస్‌బాల్ కార్డినల్స్ వేరు, వాళ్లు ఇక్కడే ఉన్నారు.) 1995లో రామ్స్ లాస్ ఏంజెలిస్ నుంచి వచ్చారు, 1999 సీజన్‌కి సూపర్ బౌల్ గెలిచారు, 2016 జనవరిలో మళ్లీ లాస్ ఏంజెలిస్‌కే వెళ్లిపోయారు. ఆ తరలింపు మీద ఊరు వేసిన దావా 2021 నవంబర్‌లో 79 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. రెండుసార్లు జట్టును పోగొట్టుకున్న ఊరు, ఖాళీగా మిగిలిన సుమారు 67 వేల సీట్ల డోమ్. బ్యాటిల్‌హాక్స్ వచ్చింది ఆ చోటికి. తొలి ఇంటి ఆటలో జనం సొంత జట్టుకి జేజేలు ఎంత గట్టిగా కొట్టారో, రామ్స్ యజమాని స్టాన్ క్రోంకీని అంత గట్టిగానూ తిట్టారు.

2020: ఐదు ఆటల సీజన్

డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీల విన్స్ మెక్‌మహాన్ కొత్త ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ని 2018 జనవరిలో ప్రకటించాడు. అదే ఏడు డిసెంబర్‌లో ఎనిమిది ఊళ్ల జాబితాలో సెయింట్ లూయిస్ పేరు వచ్చింది. ఆ ఎనిమిదింటిలో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేని ఊరు ఇదొక్కటే. జట్టు పేరు 2019 ఆగస్టులో బయటపెట్టారు. కోచ్ జొనాథన్ హేస్, అంతకుముందు ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు సిన్సినాటి బెంగాల్స్‌లో టైట్ ఎండ్స్ (అడ్డుకుంటూ పాస్‌లు కూడా పట్టేవాళ్లు) కోచ్. క్వార్టర్‌బ్యాక్‌లను (బంతి విసిరి దాడి నడిపేవాళ్లను) మాత్రం డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతిలో వదలకుండా లీగే జట్టుకి ఒకరిని కేటాయించింది. సెయింట్ లూయిస్‌కి వచ్చినవాడు ఓల్ మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం) కుర్రాడు జోర్డాన్ తామూ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

హేస్ ఆడించింది పాతకాలపు ఫుట్‌బాల్. మ్యాట్ జోన్స్, క్రిస్టీన్ మైకెల్ లాంటి ఎన్‌ఎఫ్‌ఎల్ చూసొచ్చిన రన్నింగ్ బ్యాక్‌ల చేత బంతి మోయించడం, తామూ కాళ్లను వాడుకోవడం, గడియారం కరిగించడం. ఫిబ్రవరి 9న డల్లాస్ మీద 15-9తో గెలిచారు. మరుసటి వారం హ్యూస్టన్‌లో 28-24తో ఓడారు. ఫిబ్రవరి 23న తొలి ఇంటి ఆట, న్యూయార్క్ గార్డియన్స్ మీద 29-9, ప్రేక్షకులు 29,554. పై అంతస్తు మూసి కింది వరసలే అమ్మితే వచ్చిన లెక్క అది. ఫిబ్రవరి 29న సియాటెల్ మీద 23-16. మార్చి 8న వాషింగ్టన్‌లో అక్కడి డీసీ జట్టు చేతిలో 15-6 ఓటమి. నాలుగు రోజులకి, మార్చి 12న, కోవిడ్ వల్ల సీజన్ ఆగిపోయింది. తరువాతి ఇంటి ఆటకి డోమ్ పై అంతస్తు తెరవాలని అప్పటికే నిర్ణయం అయిపోయింది.

"ఆపకపోతే కప్పు మనదే" అని ఊళ్లో వినబడుతుంది. అభిమానం కొద్దీ అనే మాట అది. అప్పటికి తూర్పు విభాగంలో సెయింట్ లూయిస్, డీసీ, న్యూయార్క్ ముగ్గురూ 3-2. అటు పక్క హ్యూస్టన్ 5-0, పైగా మనల్ని ఓడించిన జట్టు. పోటీలో ఉన్నారనడం వరకే న్యాయం.

ఆ అయిదు ఆటల నుంచి తప్పక తెలుసుకోవాల్సిన ఆటగాడు ఇంకొకడు ఉన్నాడు, సేఫ్టీ (అందరికన్నా వెనక కాపలా కాసే డిఫెండర్) కెన్నీ రాబిన్సన్. మామూలుగా ఈ లీగ్‌లకి వచ్చేది ఎన్‌ఎఫ్‌ఎల్ వద్దన్నవాళ్లు, వాళ్లకి ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ దాటిపోయి ఉంటుంది. రాబిన్సన్ కాలేజీ వయసులోనే వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వదిలి నేరుగా ఇక్కడ ఆడాడు కాబట్టి డ్రాఫ్ట్ అర్హత మిగిలి ఉంది. 2020 డ్రాఫ్ట్ అయిదో రౌండ్‌లో కరోలినా పాంథర్స్ అతన్ని తీసుకుంది. వసంత లీగ్ కాలేజీకి ప్రత్యామ్నాయం కాగలదా అన్న చర్చ వస్తే అందరూ ఎత్తేది ఈ ఉదాహరణే.

అంత జనం ఉండి జట్టు ఎందుకు మూతపడింది?

ఐపీఎల్ చూసిన అలవాటుతో ఇక్కడే పొరబడతారు. ఐపీఎల్‌లో ప్రతి జట్టుకీ ఒక యజమాని ఉంటాడు. టికెట్లు బాగా అమ్ముడైతే ఆ లాభం జట్టుకి ఎంతో కొంత నిలుస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎల్‌లో, తరువాత యూఎఫ్‌ఎల్ తొలి ఏళ్లలో, ఎనిమిది జట్లూ లీగ్ సొత్తే. ఆటగాళ్ల ఒప్పందాలు, కోచ్‌ల జీతాలు, స్టేడియం అద్దె, టీవీ హక్కులు అన్నీ ఒకే ఖాతా. సెయింట్ లూయిస్‌లో ముప్పై వేలమంది వస్తే వచ్చిన డబ్బు, పదివేలు కూడా రాని ఊళ్ల నష్టాన్ని పూడ్చడానికి పోతుంది. లీగ్ మునిగితే బాగా నడిచే జట్టు విడిగా తేలదు.

2020లో జరిగింది సరిగ్గా అది. ఏప్రిల్ 10న సిబ్బందిని పంపేశారు, 13న దివాలా పిటిషన్ వేశారు. ఆగస్టులో నటుడు డ్వేన్ జాన్సన్, అతని వ్యాపార భాగస్వామి డానీ గార్సియా, పెట్టుబడి సంస్థ రెడ్‌బర్డ్ క్యాపిటల్ కలిసి 1.5 కోట్ల డాలర్లకి మొత్తం లీగ్‌ని కొన్నారు. ఎనిమిది జట్లు, పేర్లు, లోగోలు అన్నీ కలిపి ఆ ధర. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక మంచి క్వార్టర్‌బ్యాక్ ఏడాది జీతానికి కూడా ఇది చాలదు.

అలాగని జనానికి విలువే లేదనుకోకండి. దాని ప్రభావం కనబడేది లీగ్ మళ్లీ తెరిచినప్పుడు, లీగ్‌లు కలిసినప్పుడు. 2023లో జట్లను ఎంచేటప్పుడు న్యూయార్క్, లాస్ ఏంజెలిస్, టాంపా పోయాయి. 2024 విలీనంలో ఎక్స్‌ఎఫ్‌ఎల్ వైపు నుంచి ఆర్లింగ్టన్, డీసీ, శాన్ ఆంటోనియో, సెయింట్ లూయిస్ నాలుగే మిగిలాయి. 2023లో మన ప్లేఆఫ్ చోటు లాక్కున్న సియాటెల్ ఆ విలీనంలో లేకుండా పోయింది. గేటు దగ్గర లెక్క బలంగా లేకపోతే సెయింట్ లూయిస్ గతీ అదే అయ్యేదని నా అంచనా.

2023: అసలు కథ ఇక్కడ

కొత్త కోచ్ ఆంథనీ బెక్ట్. అతను 2008లో రామ్స్‌కి టైట్ ఎండ్‌గా ఈ ఊళ్లోనే ఆడినవాడు. క్వార్టర్‌బ్యాక్ ఏజే మెకారన్, అలబామా విశ్వవిద్యాలయానికి జాతీయ టైటిళ్లు గెలిచి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చాలా ఏళ్లు బెంచీ మీద గడిపినవాడు. రిసీవర్లలో ముందు పేరు హకీమ్ బట్లర్. దాదాపు ఆరున్నర అడుగుల మనిషి, బంతిని గాల్లోకి ఎత్తి వేస్తే చాలు, డిఫెండర్ తల మీంచి తీసుకుంటాడు.

2023లో ఆటను అర్థం చేసుకోవాలంటే రెండు నియమాలు కావాలి.

ఒకటి, టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటిస్తే 6 పాయింట్లు) తరువాతి పాయింట్లు. తన్నే ఎక్స్‌ట్రా పాయింట్ లేదు. 2 గజాల గీత నుంచి ఒక ప్లే ఆడి గోల్ దాటితే 1 పాయింట్, 5 గజాల నుంచి అయితే 2, 10 గజాల నుంచి అయితే 3. కాబట్టి ఒక టచ్‌డౌన్‌తో 9 దాకా రావచ్చు. తొమ్మిది పాయింట్ల వెనకబాటు అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు స్కోర్లు కావాలి, ఇక్కడ ఒక్కటి చాలు.

రెండు, ఆన్‌సైడ్ కిక్‌కి (స్కోరు చేసిన జట్టే చిన్నగా తన్ని బంతిని మళ్లీ పట్టుకోవాలని చూడటం) బదులు. నాలుగో క్వార్టర్‌లో వెనకబడిన జట్టు స్కోరు చేశాక బంతి అవతలివాళ్లకి ఇవ్వకుండా, సొంత 25 గజాల గీత దగ్గర "ఫోర్త్ అండ్ 15" ఆడొచ్చు. ఒక్క ప్లేలో 15 గజాలు వస్తే బంతి నీదే. రాకపోతే అవతలివాళ్లు నీ గోల్‌కి దగ్గర్లోనే మొదలుపెడతారు.

ఇప్పుడు ఫిబ్రవరి 19న శాన్ ఆంటోనియోలో, అలామోడోమ్‌లో జరిగింది చూడండి. చివరి రెండు నిమిషాల్లోకి వచ్చేసరికి సెయింట్ లూయిస్ 15-3తో వెనకబడి ఉంది. ఆ క్షణం దాకా దాడి ఏమీ లేదు. మెకారన్ టచ్‌డౌన్ పాస్, 15-9. అక్కడ బెక్ట్ 10 గజాల నుంచి మూడు పాయింట్ల ప్రయత్నానికి వెళ్లాడు, దొరికింది, 15-12. ఈ మూడు పాయింట్లకే విలువ అంతా. 2 గజాల నుంచి 1 పాయింట్ తీసుకుని ఉంటే తేడా 5, గెలవాలన్నా సమం చేయాలన్నా టచ్‌డౌనే కావాలి. 3 వచ్చాయి కాబట్టి ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్య తన్నితే 3 పాయింట్లు) కొట్టినా సమం. అవతలి కోచ్ ఇక రెండింటికీ కాపలా కాయాలి. తరువాత కిక్ చేయకుండా ఫోర్త్ అండ్ 15 ఎంచుకున్నారు, అదీ వచ్చింది. ఆట ముగియడానికి 16 సెకన్లుండగా మెకారన్ నుంచి ఆస్టిన్ ప్రోల్‌కి టచ్‌డౌన్. 18-15.

ఆ చివరి బంతి పట్టిన ప్రోల్ ఎవరో తెలిస్తే ఊరివాళ్ల ఆనందం ఇంకాస్త అర్థమవుతుంది. అతని తండ్రి రికీ ప్రోల్ 1999 సీజన్ రామ్స్ రిసీవర్. సూపర్ బౌల్‌కి తీసుకెళ్లిన టాంపా బే ఆటలో, ఇదే డోమ్‌లో, 11-6 గెలుపుకి కారణమైన టచ్‌డౌన్ అతనిది.

నాలుగు రోజుల తరువాత సియాటెల్‌లో డానీ హేగ్‌మన్ 44 గజాల ఫీల్డ్ గోల్‌ని గడియారం సున్నాకి చేరుతుండగా కొట్టాడు, 20-18. మూడో వారం డీసీలో 34-28 ఓటమి. మూడూ బయటి ఆటలే. మార్చి 12న ఇంటికి వచ్చేసరికి 38,310 మంది, అప్పటికి ఎక్స్‌ఎఫ్‌ఎల్ కొత్త రికార్డు. ఆర్లింగ్టన్ మీద 24-11. ఆ సీజన్‌లో ఇంటి ఆటల సగటు సుమారు 35 వేలు, మిగతా ఊళ్లేవీ దగ్గర్లో కూడా లేవు.

మరి 7-3 చేసి ప్లేఆఫ్ ఎందుకు రాలేదు? విభాగాల వల్ల. ఉత్తరంలో డీసీ 9-1, సియాటెల్ 7-3, సెయింట్ లూయిస్ 7-3. దక్షిణంలో హ్యూస్టన్ 7-3, ఆర్లింగ్టన్ 4-6. విభాగానికి ఇద్దరే వెళ్తారు. సియాటెల్‌తో ముఖాముఖిలో చెరొకటి, ఆపైన టైబ్రేకర్ సియాటెల్ వైపు పోయింది. చివరి వారం ఓర్లాండో మీద 53-28తో విరుచుకుపడి, మెకారన్ ఒక్క ఆటలో ఆరు టచ్‌డౌన్ పాస్‌లు వేసినా లాభం లేకపోయింది. అసలు నష్టం అంతకు ముందు వారం జరిగింది. ఏప్రిల్ 16న అదే సియాటెల్ చేతిలో, ఇంట్లో, 30-12. ఆ ఒక్క ఆట గెలిచి ఉంటే లెక్కలే అక్కర్లేదు, మనం 8-2, వాళ్లు 6-4. క్రికెట్‌లో నెట్ రన్ రేట్ దాకా తెచ్చుకున్న జట్టుని ఏమంటామో ఇక్కడా అదే అనాలి.

దాని మీద కారం చల్లినట్టు, 4-6తో లోపలికి వెళ్లిన ఆర్లింగ్టన్ ఫైనల్లో డీసీని 35-26తో ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. ఆ ఆర్లింగ్టన్‌నే మనం ఇంట్లో 13 పాయింట్ల తేడాతో ఓడించాం. పది ఆటల సీజన్, ఎనిమిది జట్లు, ఒకసారి ఓడితే ఇంటికే అనే ప్లేఆఫ్. ఇలాంటి లీగ్‌లో మంచి జట్టుకీ కప్పుకీ మధ్య అదృష్టం వాటా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కంటే చాలా పెద్దది.

"ఇంటి ఆట" అంటే నిజంగా ఏమిటి

చాలామందికి తెలియని సంగతి ఇది, 2023 నుంచి గణాంకాలు చదివేటప్పుడు తప్పక మనసులో ఉంచుకోవాలి. ఖర్చు తగ్గించడానికి జట్లన్నిటినీ టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ ప్రాంతంలో పెట్టారు. అక్కడే బస, అక్కడే ప్రాక్టీసు. వారాంతానికి విమానం ఎక్కి "సొంత" ఊరు వచ్చి ఆడి మళ్లీ టెక్సాస్ వెళ్లిపోయేవాళ్లు. అంటే సెయింట్ లూయిస్‌లో ఆట ఉంటే బ్యాటిల్‌హాక్స్ కూడా ప్రయాణం చేసి వచ్చినవాళ్లే. సొంత మంచం, అలవాటైన ప్రాక్టీసు మైదానం, అవతలివాడి ప్రయాణ బడలిక, ఇవేవీ కలిసిరాలేదు.

మిగిలే లాభం అరుపు ఒక్కటే. పైకప్పు మూసిన డోమ్‌లో ముప్పై అయిదు వేలమంది అరిస్తే అవతలి క్వార్టర్‌బ్యాక్ చెప్పే స్నాప్ కౌంట్ (ప్లే మొదలుపెట్టే సంకేతం) చివరి లైన్‌మన్‌కి వినబడదు, ముందే కదిలి అయిదు గజాల పెనాల్టీ తెచ్చుకుంటాడు. లీగ్‌లో ఇంకే ఊరిలోనూ ఇది ఇంతగా పనిచేయలేదు. ఆర్లింగ్టన్ జట్టుకి మాత్రం అప్పట్లో ఇల్లూ ప్రాక్టీసూ ఒకే ఊళ్లో ఉండేవి, ఆ సౌకర్యాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

ఆటగాళ్లు నిలవకపోవడం కూడా ఈ ఏర్పాటులో భాగమే. 2023లో జీతం వారానికి 5,000 డాలర్లు, గెలిస్తే ఆ ఆటకి ఇంకో 1,000. సీజన్ అయిపోగానే ఎన్‌ఎఫ్‌ఎల్ పిలిస్తే వెళ్లిపోతారు, వెళ్లాలనే వస్తారు. 2020 తరువాత తామూ కాన్సస్ సిటీ చీఫ్స్‌తో సంతకం చేశాడు, 2023 తరువాత మెకారన్ సిన్సినాటికి వెళ్లాడు. జెర్సీ కొనాలనుకుంటే వెనక పేరు లేనిది కొనుక్కోండి.

2024, 2025

2024 మార్చి 30న డెట్రాయిట్‌లో మన జట్టు మొదటి యూఎఫ్‌ఎల్ ఆట, మిషిగన్ పాంథర్స్ మీద. చివరి సెకన్లలో మనం 16-15తో ముందున్నాం. మిషిగన్ కిక్కర్ జేక్ బేట్స్ 64 గజాల ఫీల్డ్ గోల్‌కి సిద్ధమయ్యాడు. సెయింట్ లూయిస్ టైమవుట్ తీసుకుంది. విజిల్ పడినా బేట్స్ తన్నేశాడు, బంతి స్తంభాల మధ్య నుంచే పోయింది, కానీ లెక్కలోకి రాలేదు. మళ్లీ నిలబెట్టారు, మళ్లీ కొట్టాడు. 18-16. ఆ రెండు కిక్‌లే అతన్ని డెట్రాయిట్ లయన్స్‌కి చేర్చాయనడంలో తప్పులేదు. కిక్కర్ ఏకాగ్రత చెడగొట్టడానికి టైమవుట్ తీసుకోవడం ఎప్పుడూ పనిచేస్తుందని నమ్మేవాళ్లకి ఈ వీడియో చూపించాలి, ఒక కిక్ ఉచితంగా ప్రాక్టీసు ఇప్పించినట్టయింది.

మరుసటి వారం ఇంట్లో ఆర్లింగ్టన్ మీద 27-24, జనం 40,317. మళ్లీ 7-3, ఈసారి విభాగంలో మొదటి స్థానం. హకీమ్ బట్లర్‌కి లీగ్ ఉత్తమ అఫెన్సివ్ ఆటగాడి బహుమతి. జూన్ 9న డోమ్‌లో సెమీఫైనల్, శాన్ ఆంటోనియో చేతిలో 25-15. వారం తరువాత అదే మైదానంలో బర్మింగ్‌హామ్ ఆ శాన్ ఆంటోనియోని 25-0తో తుడిచేసింది.

2025లో మెకారన్ లేడు, అయినా 8-2, జట్టు చరిత్రలో అప్పటికి ఉత్తమ సీజన్. సెమీఫైనల్లో డీసీ వచ్చింది, 36-18తో గెలిచి పోయింది. ఆ రోజు డీసీ క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ తామూ, 2020లో ఇదే డోమ్‌లో సెయింట్ లూయిస్ తరఫున ఆడినవాడు. వారం తరువాత మిషిగన్‌ని 58-34తో కొట్టి ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడు కూడా అతనే అయ్యాడు.

ఇంతకీ కప్పు ఎందుకు రాలేదంటే నేను చెప్పే కారణం ఒకటే కాదు. 2020ని కోవిడ్ తినేసింది. 2023 స్వయంకృతం. 2024, 2025లో మాత్రం సెమీఫైనల్ రోజు అవతలి జట్టు స్పష్టంగా మెరుగ్గా ఆడింది, నియమాలనీ అదృష్టాన్నీ తిట్టుకోవడానికి ఏమీ లేదు.

ఏ ఆటలు, ఏ వరసలో చూడాలి

మొత్తం మూడు గంటలు అక్కర్లేదు.

2020 ఫిబ్రవరి 23, న్యూయార్క్ ఆటతో మొదలుపెట్టండి, ముఖ్యంగా కిక్‌ఆఫ్‌ల కోసం. అందులో కిక్కర్ తన 30 గజాల గీత నుంచి తంతాడు. మిగతా పదిమంది అతని పక్కన ఉండరు, అవతలి జట్టు 35 గజాల గీత మీద నిలబడతారు, అడ్డుకునేవాళ్లు అయిదు గజాల దూరంలో 30 మీద. బంతి పట్టేదాకా కిక్కర్, పట్టేవాడు తప్ప ఎవరూ కదలకూడదు. దూరం నుంచి పరిగెత్తుకొచ్చి గుద్దుకోవడం ఉండదు కాబట్టి గాయాలు తగ్గుతాయని ఉద్దేశం. ఆ ఆటలోనే జో పావెల్, తోటివాడు వెనక్కి విసిరిన బంతి అందుకుని ఖాళీగా ఉన్న పక్క నుంచి టచ్‌డౌన్ దాకా పరిగెత్తాడు. డిఫెండర్లందరూ ఒకే గీత మీద నిలబడి ఒకే వైపు కదిలితే రెండో వైపు ఎంత ఖాళీ అవుతుందో అందులో కనబడుతుంది. 2024లో యూఎఫ్‌ఎల్ ఈ పద్ధతి వదిలేసి పాత తరహా కిక్‌ఆఫ్‌కి వెళ్లింది. అదే ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ కొద్ది మార్పులతో దీన్ని తీసుకుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మీరు చూస్తున్న కిక్‌ఆఫ్ మూలం ఇక్కడిదే.

తరువాత 2023 ఫిబ్రవరి 19, శాన్ ఆంటోనియో, చివరి పది నిమిషాలు చాలు. 2023 మార్చి 12, మొదటి క్వార్టర్ వరకు, స్టేడియం వాతావరణం కోసం. 2024 మార్చి 30, ఆఖరి డ్రైవ్. ఓపిక ఉంటే 2023 ఏప్రిల్ 16 సియాటెల్ ఆట కూడా చూడండి. అభిమానులు దాన్ని ఎవరికీ సిఫారసు చేయరు కానీ జట్టు బలహీనత తెలిసేది అందులోనే.

ఒక జాగ్రత్త: నియమాలు ఏటా మారతాయి. ఫోర్త్ అండ్ 15 యూఎఫ్‌ఎల్‌లో ఫోర్త్ అండ్ 12 అయింది. ఒక ఏడాది వీడియో చూసి నేర్చుకున్నది ఇంకో ఏడాది ఆటకి అన్వయించకండి.

స్టేడియానికి వెళ్లాలనుకుంటే మెట్రోలింక్‌లో కన్వెన్షన్ సెంటర్ స్టేషన్‌లో దిగితే డోమ్ పక్కనే. 2020, 2023 ఆటలు ఫిబ్రవరిలో మొదలయ్యాయి, యూఎఫ్‌ఎల్ వచ్చాక మార్చి చివర నుంచి జూన్ దాకా. మొదటిసారి వెళ్తే కింది వరసల్లో గోల్ వెనక సీట్ల కంటే పక్క గీత వైపు, కాస్త ఎత్తులో తీసుకోండి, ప్లే ఎలా విచ్చుకుంటుందో అక్కడి నుంచే తెలుస్తుంది. అవతలివాళ్లు మూడో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఆడుతున్నప్పుడు మాత్రం మీరూ అరవాలి, మనవాళ్లు బంతి పట్టుకున్నప్పుడు నోరు మూసుకోవాలి. ఇది తిరగేసి చేస్తే పక్క సీటువాళ్లు మర్యాదగానే చెప్తారు, కానీ చెప్తారు.